బల్బు ఎన్నిసార్లు మార్చినా బ్రేక్ లైటు వెలగట్లేదా? హోల్డర్ తీసి చూడండి

పోయిన సంక్రాంతికి ముందు సంగతి. నల్లగొండ నుంచి హైదరాబాద్ కారులో పోతూ చిట్యాలలో చాయ్ కోసం ఆగితే, మా వెనకే వచ్చి ఆగిన లారీ డ్రైవర్ దిగి "అన్నా, నీ బండికి ఎడమ పక్క బ్రేక్ లైటు వస్తలేదు, నార్కట్‌పల్లి కాడి నుంచి చూస్తున్న" అన్నాడు. నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ బల్బు మార్పించి నెల కూడా కాలేదు, దసరాకు ముందు ఒకటి, దీపావళి అయ్యాక ఇంకొకటి, ఇది మూడోది. షాపుకు పోయిన ప్రతిసారీ కుర్రాడు బల్బు మార్చడం, లైటు మీద రెండు దెబ్బలు కొట్టడం, అది వెలగడం, నేను డబ్బులిచ్చి రావడం. ఈసారి షాపుకు పోలేదు. ఇంటి ముందు చెట్టు నీడన బండి పెట్టి లైటు నేనే విప్పాను. బల్బు కూర్చునే హోల్డర్ ఒక పక్క గోధుమరంగు తిరిగి, ప్లాస్టిక్ కరిగి వంగిపోయి ఉంది. డ్యాష్‌బోర్డులో పడేసిన పాత బల్బులు రెండూ తెచ్చి బ్యాటరీకి ఆనించి చూస్తే టక్కున వెలిగాయి. అంటే నేను పారేద్దామనుకున్నవన్నీ మంచి బల్బులే.

హోల్డర్ మార్చడం పెద్ద పనేం కాదు, తొందరపడకపోతే గంటన్నరలో అయిపోతుంది. కానీ అసలు తప్పు హోల్డర్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి, లేకపోతే నేను బల్బుల మీద పెట్టినట్టు మీరు హోల్డర్ల మీద డబ్బు పెడతారు.

పొద్దుగూకాక బండిని గోడకు దగ్గరగా రివర్స్ చేసి, అద్దంలో చూస్తూ బ్రేక్ తొక్కండి, గోడ మీద ఎర్ర వెలుగు రెండు పక్కలా సమానంగా పడుతుందో లేదో తెలిసిపోతుంది. గోడ లేకపోతే పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి వెనక నుంచి వీడియో తీయమనండి. ఎవరూ లేకపోతే చీపురు కర్ర ఒకటి సీటుకీ బ్రేక్ పెడల్‌కీ మధ్య ఇరికించి మీరే దిగి చూసుకోవచ్చు. రెండు పక్కలా, పైన వెనక అద్దం దగ్గరుండే మూడో లైటుతో సహా ఏదీ వెలగకపోతే తప్పు హోల్డర్‌లో లేదు, ఫ్యూజ్ చూడండి, తర్వాత పెడల్ పైన ఉండే బ్రేక్ స్విచ్ చూడండి. ఒక్క పక్కే వెలగకపోతే, వెలుగుతున్న పక్క నుంచి బల్బు తీసి ఇక్కడ పెట్టండి. ఆ మంచి బల్బు కూడా ఇక్కడ వెలగకపోతే ఇక బల్బును అనుమానించే పనిలేదు. లైటు మీద చేత్తో తడితే వెలిగి, గుంత రాగానే ఆరిపోతుంటే అది కాంటాక్టు లూజు.

ఇంకో రకం ఉంది, చాలామందిని తికమక పెట్టేది ఇదే. బ్రేక్ తొక్కితే అదే పక్క పార్కింగ్ లైటు మసకబారుతుంది, లేదా ఇండికేటర్ సన్నగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా దానితో పాటు మినుకుమంటుంది. బండికి దయ్యం పట్టినట్టు ఉంటుంది. అది ఎర్త్ పోయినప్పుడు వచ్చే రోగం. బల్బులోకి వచ్చిన కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి పోవాలి, ఆ దారి మూసుకుపోతే పక్క బల్బు తీగలోంచి దూరి దాని ఎర్త్ వెతుక్కుంటుంది, అందుకే సంబంధం లేని లైటు వెలుగుతుంది. ఇలా ఉంటే హోల్డర్ మార్చే ముందు ఎర్త్ సంగతి చూడండి, సగం సార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

హోల్డర్ ఎందుకు కాలుతుందో తెలిస్తే మళ్లీ కాలకుండా చూసుకోవచ్చు. మన మామూలు బ్రేక్ బల్బు మెటల్ టోపీ మీద చూస్తే పి21/5డబ్ల్యూ అని ఉంటుంది. అంటే ఒకే గాజులో రెండు తీగలు, బ్రేక్‌కు 21 వాట్లది, పార్కింగ్‌కు 5 వాట్లది. 21 వాట్లంటే 12 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు. హోల్డర్ లోపల బల్బు అడుగును నొక్కిపట్టే స్ప్రింగు మెత్తబడినా, మీద చిలుము పట్టినా, కాంటాక్టు దగ్గర అర ఓమ్ అడ్డం వచ్చిందనుకోండి, అక్కడ ఒకటి, ఒకటిన్నర వాట్ల వేడి పుడుతుంది. ఒకటిన్నర వాట్లు ఒక లెక్కా అనిపిస్తుంది, కానీ అది పుట్టేది మెంతిగింజంత చోట, చుట్టూ ప్లాస్టిక్, గాలి ఆడదు, పైన బల్బు వేడి ఉండనే ఉంది. వేడికి స్ప్రింగు ఇంకా మెత్తబడుతుంది, కాంటాక్టు ఇంకా లూజవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. సంక్రాంతి ముందు పంతంగి టోల్ దగ్గర లైన్లో నిలబడి బ్రేక్ మీద కాలు తీయకుండా గంటసేపు కూర్చునేవాళ్లను చూశాను, నేనూ వాళ్లలో ఒకణ్నే. న్యూట్రల్‌లో వేసి హ్యాండ్ బ్రేక్ లాగితే ఆ గంట హోల్డర్‌కు విశ్రాంతి, మోకాలికి కూడా.

చిలుము ఎక్కడి నుంచి వస్తుందంటే నీళ్ల నుంచి. మా వైపు బోరు నీళ్లు ఎలాంటివో చెప్పక్కర్లేదు, బకెట్లో ఎండితే అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఆ నీళ్లతోనే పైపు పెట్టి బండి కడుగుతాం. లైటు వెనకుండే రబ్బరు ఎండలకు బిగుసుకుపోయి ఎక్కడో చీలితే చాలు, ఆ ఉప్పు నీళ్లు లోపలికి దిగి ఇత్తడి మీద పచ్చగా పట్టేస్తాయి.

సామాను కొనే ముందు పాత హోల్డర్ ఫొటో, పాత బల్బు రెండూ షాపుకు పట్టుకుపోండి, మాటల్లో చెబితే వాళ్లు ఏదో ఒకటి చేతిలో పెడతారు. రెండు తీగల బల్బుకు అడుగున రెండు చుక్కలు ఉంటాయి, పక్కన ఉండే రెండు మొలలు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి ఒకటి కిందికి. ఇండికేటర్‌కు, రివర్స్‌కు వాడే ఒంటి తీగ బల్బుకు అడుగున ఒక్కటే చుక్క. హోల్డర్లు కూడా అలాగే రెండు రకాలు, చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపల రెండు కాంటాక్టులు, వెనక మూడు వైర్లు ఉన్నదే మీకు కావాల్సింది. (హోల్డర్ మెటల్‌ది అయి, అదే బాడీకి తగిలి ఎర్త్ అయ్యే రకమైతే రెండు వైర్లే ఉంటాయి.) కొన్ని కార్లలో మెటల్ టోపీ లేకుండా అడుగున గాజు పలకలా ఉండే బల్బు వస్తుంది, దాని హోల్డర్ పూర్తిగా వేరు. కొన్నింటిలో విడి హోల్డర్లే ఉండవు, బల్బులన్నీ ఒకే ప్లాస్టిక్ ప్లేటు మీద ఇత్తడి పట్టీలతో ఉంటాయి, అలాంటప్పుడు ప్లేటు మొత్తం మార్చడమే మేలు. మొత్తం ఎల్‌ఈడీలతో సీలు చేసి వచ్చే కొత్త లైట్ల జోలికి ఈ పద్ధతిలో పోవద్దు. వారంటీలో ఉన్న బండి వైర్లు కోయొద్దు, తర్వాత ఏ కరెంటు సమస్య వచ్చినా దాన్నే చూపిస్తారు.

వైర్లతో సహా వచ్చే హోల్డర్ తీసుకోండి. వైరు పాతదానికంటే సన్నగా ఉండకూడదు, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు ఈ కరెంటుకు బాగా సరిపోతుంది. పాత సామాన్ల దుకాణంలో దొరికే హోల్డర్ కూడా బాగానే ఉంటుంది, లోపల వేలు పెట్టి స్ప్రింగు గట్టిగా వెనక్కి తంతోందో లేదో చూసుకుని తెచ్చుకోండి. ఇవి కాక స్క్రూడ్రైవర్, 10 నంబర్ పానా, కటింగ్ ప్లయర్, సన్న ఎమరీ పేపర్, వేడికి ముడుచుకునే స్లీవ్, కొంచెం వాజలైన్, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కావాలి. మల్టీమీటర్ లేకపోతే 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంప్ అయినా చాలు. వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ తీగ ఉంటే మంచిది, లేకపోతే నొక్కి బిగించే కనెక్టర్లు తెచ్చుకోండి.

మధ్యాహ్నం ఎండలో మొదలుపెట్టకండి. మే నెల మా ఊరి ఎండలో డిక్కీ తలుపు మెటల్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, పొద్దున్నే చేసుకోండి.

డిక్కీ ముందే తెరిచి పెట్టుకోండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే కొన్ని బండ్లకు డిక్కీ తాళం కరెంటుతో పనిచేస్తుంది, బ్యాటరీ తీసేశాక తెరుచుకోదు, మా బావమరిది అలాగే ఇరుక్కున్నాడు. చిన్న కార్లలో సాధారణంగా డిక్కీ తెరిస్తే లైటు లోపలి అంచున రెండు స్క్రూలు కనిపిస్తాయి, వెనక డిక్కీ పొడుగ్గా ఉండే కార్లలో లోపలి గుడ్డ తొలగిస్తే నట్లు ఉంటాయి. స్క్రూలు తీసినా లైటు ఊడి రాదు, బయటి పక్క ప్లాస్టిక్ మొలలు రంధ్రాల్లో బిగిసి ఉంటాయి. పక్కకు తిప్పి లాగితే పుటుక్కున విరుగుతాయి, నిటారుగా బండి వెనక్కే లాగాలి. పెయింటు మీద పాత గుడ్డ వేసుకోండి. బయటికి వచ్చాక హోల్డర్‌ను ఎడమకు పావు వంతు తిప్పితే ఊడుతుంది. కాలిపోయి అతుక్కుని ఉంటే బలవంతం చేయకుండా అటూ ఇటూ కొంచెం కొంచెం కదపండి, లైటు పగిలితే ఖర్చు పదింతలు.

ఇప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, ఏ రంగు వైరు ఎక్కడుందో కనిపించేలా. తర్వాత, ఏదీ కోయకముందే, బ్యాటరీ ఉండగానే, ఏ వైరు దేనిదో తేల్చుకోండి. నల్లది ఎర్త్ అని, ఫలానా రంగు బ్రేక్‌ది అని ఎవరైనా చెబితే వినండి కానీ నమ్మకండి, కంపెనీకో రంగు, పైగా మీ కంటే ముందు ఆ బండిని ఎవరు కెలికారో తెలియదు. మీటర్ నల్ల తీగ బాడీ మెటల్‌కు పెట్టి, ఎర్ర తీగతో హోల్డర్ కాంటాక్టులను ఒక్కొక్కటిగా ముట్టండి. పార్కింగ్ లైటు వేస్తే 12 వోల్టులు చూపించేది పార్కింగ్ వైరు. అది ఆపేసి బ్రేక్ తొక్కితే చూపించేది బ్రేక్ వైరు, చాలా కార్లకు తాళంచెవి తిప్పకపోయినా బ్రేక్ లైటుకు కరెంటు వస్తుంది, కొన్నింటికి తిప్పాలి. మిగిలింది ఎర్త్. బ్రేక్ వైరుకు టేపుతో ఒక చుట్టు, పార్కింగ్ వైరుకు రెండు చుట్లు వేసి గుర్తు పెట్టుకోండి. బ్రేక్ తొక్కినా ఆ కాంటాక్టులో కరెంటు రాకపోతే, వైరునే చూడండి, హోల్డర్‌లోకి రాకముందే ఎక్కడో తెగి ఉండొచ్చు, ముఖ్యంగా డిక్కీ తలుపుకే లైటు బిగించి ఉన్న బండ్లలో కీలు దగ్గర వైరు మడతపడి మడతపడి తెగుతుంది.

ఇక లైట్లన్నీ ఆపి, తాళంచెవి తీసి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ 10 నంబర్ పానాతో వదులు చేసి పక్కకు పెట్టండి. గడియారం, రేడియో స్టేషన్లు మళ్లీ సెట్ చేసుకోవాల్సి వస్తుంది, రావనీ.

కోసేటప్పుడు పాత హోల్డర్‌కు దగ్గరగా కోయండి, బండి వైపు వైరు ఎంత ఎక్కువ మిగిలితే అంత మంచిది. మూడూ ఒకేసారి కోయకండి. ఒకటి కోసి, దాన్ని కలిపి, తర్వాత రెండోది, అప్పుడు తారుమారయ్యే గొడవే ఉండదు. అతుకులు మూడూ ఒకే చోట రాకుండా ఒకటి కొంచెం పైకి ఒకటి కొంచెం కిందికి వచ్చేలా కోసుకుంటే, రేపు స్లీవ్ జారినా ఒకదానికొకటి తగలవు. పై తొడుగు వలిచాక లోపల రాగి ఎర్రగా మెరవాలి. నల్లగా ఉంటే ఆ వైరు వేడికి కాలిందని, ఇంకో అంగుళం కోసి చూడండి, మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూనే ఉండండి. నల్ల రాగికి సోల్డర్ పట్టదు, కనెక్టర్ వేసినా మళ్లీ అక్కడే వేడెక్కుతుంది.

స్లీవ్ ముక్క ముందే వైరు మీదికి ఎక్కించండి. నేను మొదటి అతుకు చక్కగా సోల్డర్ పెట్టి, ఊది, మురిసిపోయి చూసుకున్నాక గుర్తొచ్చింది స్లీవ్ బల్ల మీదే ఉందని. మళ్లీ కోశాను.

రెండు కొసలు ఎదురెదురుగా పెట్టి ఒకదాని చుట్టూ ఒకటి అయిదారు చుట్లు గట్టిగా తిప్పండి. ఐరన్ మొన వైరుకు కింది నుంచి ఆనించి, సోల్డర్ తీగ పైనుంచి వైరుకే తాకించండి, వైరు వేడికి సోల్డర్ కరిగి లోపలికి ఇంకాలి. ఐరన్ మీద కరిగించి పైన చుక్క వేస్తే అది పైపైనే కూర్చుంటుంది, నాలుగు గుంతలకు ఊడుతుంది. చల్లారాక స్లీవ్ జరిపి లైటర్ మంట దూరం నుంచి చూపిస్తే ముడుచుకుంటుంది. సోల్డర్ పెట్టిన చోట వైరు పుల్లలా బిగుసుకుంటుంది కాబట్టి అది ఊగకుండా పక్కనున్న వైర్ల గుత్తికి కట్టేయండి. నొక్కే కనెక్టర్ అయితే నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడిందంటే సరిగ్గా నొక్కలేదని.

మెలిపెట్టి టేపు చుట్టేద్దాం అనుకునేవాళ్లకు ఒక మాట. నా బండికి ఇంతకు ముందెవరో అలాగే చేశారు. మా ఎండలకు టేపు జిగురు కారి, టేపు ఉల్లిపొరలా విడిపోయి, లోపల రాగి నల్లగా బూజుపట్టినట్టు ఉంది. టేపు తప్పనిసరైతే స్లీవ్ మీద వేసుకోండి, స్లీవ్‌కు బదులుగా వద్దు.

ఎర్త్ వైరు ఎక్కడ బాడీకి బోల్టు వేశారో వెతకండి, లైటు వెనకాలే చుట్టుపక్కల ఉంటుంది. బోల్టు విప్పి, రింగునూ కింద బాడీనీ ఎమరీ పేపర్‌తో జంగు, పెయింటు పోయి మెటల్ మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలైన్ పూయండి. పది నిమిషాల పని, దీన్నే అందరూ వదిలేస్తారు.

లైటు బిగించకముందే బ్యాటరీ తగిలించి పరీక్ష చేయండి. బల్బు హోల్డర్‌లో పెట్టేటప్పుడు మొలల ఎత్తు చూసి పెట్టాలి, తిరగేసి బలవంతంగా నొక్కితే కొన్ని హోల్డర్లలో దూరిపోతుంది, అప్పుడు బ్రేక్‌కు పార్కింగ్ తీగ, పార్కింగ్‌కు బ్రేక్ తీగ వెలుగుతాయి. హెడ్‌లైట్ హాలోజెన్ బల్బు గాజు ముట్టుకోకూడదంటారు, అది నిజమే, దీనికి అంత పట్టింపు లేదు, గుడ్డతో తుడిస్తే చాలు. పార్కింగ్ వేయండి, సన్నగా వెలగాలి. బ్రేక్ తొక్కండి, వెలుగు ఒక్కసారిగా పెరగాలి. ఇండికేటర్ వేసి బ్రేక్ తొక్కండి, ఒకదాని వల్ల ఇంకోటి కదలకూడదు. పార్కింగ్ కాంతివంతంగా, బ్రేక్ తొక్కినా పెద్ద తేడా లేకుండా ఉంటే రెండు వైర్లు తారుమారయ్యాయి, మార్చండి, వెలుగుతోంది కదా అని వదిలేయకండి. రాత్రిపూట వెనక వచ్చేవాడికి మీరు బ్రేక్ వేశారో లేదో తెలిసేది ఆ తేడాతోనే. యాసంగి కోతలప్పుడు మా ఊళ్ల రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటాయి, లైట్ల వెలుగులో దగ్గరికొచ్చేదాకా కనిపించవు, అక్కడ ఎవరైనా సడన్ బ్రేకే వేస్తారు.

మీటర్ ఉంది కదా, ఇంకో రెండు కొలతలు తీసుకోండి. ముందు బ్యాటరీ వోల్టేజీ ఎంతుందో చూసుకోండి. బల్బు వెలుగుతుండగా, ఎవరితోనైనా బ్రేక్ తొక్కించి, హోల్డర్ బ్రేక్ కాంటాక్టుకూ బాడీకీ మధ్య కొలిస్తే బ్యాటరీ కంటే అర వోల్టుకు మించి తగ్గకూడదు. హోల్డర్ ఎర్త్‌కూ బాడీకీ మధ్య కొలిస్తే దాదాపు సున్నా రావాలి, 0.2 దాటితే ఎర్త్ ఇంకా సరిగ్గా లేదు. బ్రేక్ తొక్కగానే ఫ్యూజ్ కొట్టేస్తే ఎక్కడో అతుకు బాడీకి తగులుతోంది, అది వెతకండి, పెద్ద ఫ్యూజ్ వేయడం, రాగి తీగ చుట్టడం చేశారో ఈసారి హోల్డర్‌తో ఆగదు, వైరింగ్ మొత్తం కాలుతుంది.

ఎల్‌ఈడీ బల్బు వేస్తే హోల్డర్ కాలదు కదా అని అడుగుతారు. కరెంటు తక్కువ తీసుకుంటుంది, వేడి తగ్గుతుంది, నిజమే. కానీ కాలిన హోల్డర్‌లో ఏ బల్బు పెట్టినా కాంటాక్టు లూజే, పైగా చవక రకాల్లో పార్కింగ్‌కూ బ్రేక్‌కూ తేడా సరిగ్గా కనిపించదు. నేనైతే మామూలు బల్బే వేశాను.

లైటు వెనక రబ్బరు చీలి ఉంటే మార్చి, వైర్లు ఎక్కడా నలగకుండా లోపలికి సర్ది, మొలలు రంధ్రాల్లో కూర్చునేలా నిటారుగా నెట్టి, స్క్రూలు బిగించండి, ప్లాస్టిక్ కదా, పట్టు దొరికాక పావు తిప్పు చాలు. మర్నాడు రాత్రి ఇరవై నిమిషాలు బండి నడిపి వచ్చాక, డిక్కీ లోపలి నుంచి హోల్డర్ వెనక వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఏదో అతుకు సరిగ్గా రాలేదు.

అన్నట్టు రెండో పక్క హోల్డర్ కూడా విప్పి చూడండి, రెండూ ఒకే వయసువి, ఒకే నీళ్లు తాగినవి. నాది కుడి పక్కది కూడా అంచున కొంచెం రంగు మారింది, ఇంకా వెలుగుతోంది. దాని కోసం కొన్న హోల్డర్ డ్యాష్‌బోర్డులో పాత బల్బుల పక్కన పడి ఉంది, రేపు ఆదివారం ఎండ ముదరకముందే పట్టుకోవాలి.